పాఠకుల ప్రశ్నలు: భాషలు నేర్పేవారికి ఒక సంఘం

గత సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, అమెరికాలోని విదేశీ భాషల ఉపాధ్యాయుల సంఘమైన ఆక్ట్‌ఫుల్‌ను ప్రస్తావించాను. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం దాని గురించే కావడంతో, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట, వివరంగా రాసిన ఉత్తరాన్ని తీసుకున్నాను.

ప్రశ్న: మా ఊళ్ళో వారాంతపు తెలుగు బడిలో కొన్నేళ్లుగా స్వచ్ఛందంగా చదువు చెబుతున్నాను. ఆక్ట్‌ఫుల్‌లో చేరమని ఇక్కడి పాఠశాలలో స్పానిష్ చెప్పే స్నేహితురాలు సలహా ఇచ్చారు. అది స్పానిష్, ఫ్రెంచి వారి సంఘం కదా, తెలుగు చెప్పే నాకు అందులో ఏముంటుంది?
— ఒక ఉపాధ్యాయురాలు, టెక్సస్

అమెరికన్ కౌన్సిల్ ఆన్ ద టీచింగ్ ఆఫ్ ఫారిన్ లాంగ్వేజెస్ అనే పొడవైన పేరుకు పొట్టి రూపం ఆక్ట్‌ఫుల్. ఇది 1967లో ఏర్పడింది. అప్పటికే అక్కడ ఒక్కొక్క భాషకు ఒక్కొక్క సంఘం ఉండేది. స్పానిష్ ఉపాధ్యాయులు 1917లోనూ, జర్మన్ వారు 1926లోనూ, ఫ్రెంచి వారు 1927లోనూ తమ సంఘాలను స్థాపించుకున్నారు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించాక, మరుసటి ఏడాదే అమెరికా ప్రభుత్వం జాతీయ రక్షణ విద్యా చట్టం కింద గణితం, సైన్సులతో పాటు విదేశీ భాషల బోధనకూ నిధులు కేటాయించింది. బోధన విస్తరించింది కానీ, ఏ భాష వారు ఆ భాష వరకే మాట్లాడుకునేవారు. పాఠశాలలో చెప్పేవారికీ విశ్వవిద్యాలయంలో చెప్పేవారికీ కలుసుకునే వేదిక ఉండేది కాదు. సాహిత్య, భాషా పరిశోధకుల సంస్థ అయిన మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ చొరవతో, అన్ని భాషలకూ అన్ని తరగతులకూ చెందిన ఉపాధ్యాయుల కోసం ఈ సంఘం పుట్టింది. దాని కార్యాలయం ఇప్పుడు వర్జీనియా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియాలో ఉంది.

స్పానిష్ వారే అందులో ఎక్కువమంది అన్న మీ అభిప్రాయం నిజమే. ఏటా నవంబరులో జరిగే మహాసభకు వెళితే తెలుగు చెప్పేవారు మీకు ఎందరు కనబడతారన్నది సందేహమే. అయినా చేరడం వల్ల మీకు లాభం ఉందనే నా అభిప్రాయం. ఎందుకంటే ఆ సంఘం ఇన్ని దశాబ్దాలలో చేసిన అతి విలువైన పని ఏ ఒక్క భాషకూ పరిమితం కాదు. ‘ఈ ఏడాది ఎన్ని పాఠాలు పూర్తి చేశాం?’ అన్న ప్రశ్నను పక్కకు జరిపి, ‘ఈ పిల్లవాడు ఈ భాషతో ఇప్పుడు ఏం చేయగలడు?’ అని అడగడం, ఆ ప్రశ్నకు ఏ ఊరి ఉపాధ్యాయుడైనా ఒకే రకంగా జవాబు చెప్పగలిగే కొలతను తయారు చేయడం ఆ సంఘం సాధించిన విషయం. తెలుగు బడులకు అన్నిటికన్నా కొరవడినది సరిగ్గా ఆ కొలతే.

అయితే రుసుము కట్టే ముందు, ఆ సంఘం వారు రాష్ట్రాల భాషా పర్యవేక్షకుల మండలితో కలిసి తయారు చేసిన ‘నేను చేయగలను’ అనే వాక్యాల పట్టికలను చదవండి. అవి ఉచితంగా దొరుకుతాయి. ఆ తరువాత మీ రాష్ట్రంలోనే ఉన్న టెక్సస్ ఫారిన్ లాంగ్వేజ్ అసోసియేషన్ సమావేశానికి ఒకసారి వెళ్లండి. దగ్గరలో ఉండటం వల్ల మీ వంటి స్వచ్ఛంద ఉపాధ్యాయులకు అదే మొదటి మెట్టుగా బాగుంటుంది. అరుదుగా బోధించే భాషల కోసం ప్రత్యేకంగా ఒక జాతీయ మండలి కూడా అమెరికాలో ఉంది. పాఠ్యపుస్తకాలు లేని భాష చెప్పడంలోని కష్టం అక్కడివారికి విడమరచి చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మా అబ్బాయి హైస్కూల్లో ఉన్నాడు. తెలుగులో ‘ఇంటర్మీడియట్ మిడ్’ స్థాయి చూపిస్తే డిప్లొమా మీద ద్విభాషా ముద్ర (రెండు భాషలు వచ్చని గుర్తించే ‘సీల్ ఆఫ్ బైలిటరసీ’) వేస్తారట. వాడు ‘మనబడి’ తెలుగు తరగతుల్లో చదివాడు, వేమన పద్యాలు యాభై దాకా అప్పజెబుతాడు. ఆ స్థాయి వచ్చినట్టేనా? అసలు ఈ స్థాయిలు ఎవరు పెట్టారు?
— ఒక తండ్రి, కాలిఫోర్నియా

ముందుగా ఒక మాట. ఇక్కడి ‘ఇంటర్మీడియట్’కూ మన ఊళ్లలో పదవ తరగతి తరువాతి చదువుకూ సంబంధం లేదు. తెలుగు తల్లిదండ్రులు ఆ పొరపాటు పడటం చూశాను కనుక చెబుతున్నాను.

ఈ స్థాయిల మూలం అమెరికా విదేశాంగ శాఖలో ఉంది. దౌత్యవేత్తల భాషా సామర్థ్యాన్ని కొలవడానికి ఆ శాఖ శిక్షణ సంస్థ 1950లలో సున్నా నుంచి ఐదు దాకా ఒక కొలతను రూపొందించింది. దానిని మామూలు తరగతి గదులకు తెచ్చినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. నాలుగేళ్లు చదివిన విద్యార్థులు కూడా సున్నాకూ రెండుకూ మధ్యనే గుమిగూడేవారు. మొదటి ఏడాదికీ మూడవ ఏడాదికీ మధ్య వారు సాధించిన ప్రగతి ఆ కొలతలో కనిపించేదే కాదు. అధ్యక్షుడు కార్టర్ నియమించిన సంఘం, విదేశీ భాషలలో అమెరికన్ల అసమర్థత సిగ్గుచేటని తన 1979 నివేదికలో తేల్చి, జాతీయ స్థాయిలో ప్రమాణాలు కావాలని సిఫారసు చేసింది. ఆక్ట్‌ఫుల్, పరీక్షల సంస్థ ఈటీఎస్‌తో కలిసి, పాత కొలతలోని కింది భాగాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టింది. 1982లో తాత్కాలికంగా, 1986లో పూర్తి రూపంలో ఆ మార్గదర్శకాలు వెలువడ్డాయి. తరువాత పలుమార్లు సవరించారు. ఇప్పుడు నావిస్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, సుపీరియర్, డిస్టింగ్విష్డ్ అని ఐదు ప్రధాన స్థాయిలు ఉన్నాయి. మొదటి మూడింటిలో ఒక్కొక్కదానికి లో, మిడ్, హై అని మూడు మెట్లు. మాట్లాడటం, రాయడం, వినడం, చదవడం అనే నాలుగింటినీ విడివిడిగా కొలుస్తారు. మన ఇళ్లలోని పిల్లల విషయంలో ఈ విభజన ఎంతో ముఖ్యం. అమ్మ మాట్లాడేది పూర్తిగా అర్థం చేసుకుంటూ ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లవాడికి వినడంలో ఒక స్థాయి, మాట్లాడటంలో మరొక స్థాయి, చదవడంలో వేరొక స్థాయి రావడం సహజం.

స్థాయిలను తెలుగు ఉదాహరణలతో చెబితే మీకు సులభంగా తెలుస్తుంది. ‘నా పేరు ఇది, మాది ఈ ఊరు, నాకు పప్పు ఇష్టం’ అంటూ గుర్తుంచుకున్న మాటలను, వరుసలను అప్పజెప్పగలిగినవారు నావిస్ స్థాయిలో ఉంటారు. తనకు తెలిసిన మాటలతో తానే కొత్త వాక్యం కూర్చుకుని, ‘మీరు రేపు ఎన్ని గంటలకు వస్తారు? మా నాన్న ఇంట్లో ఉండరు, సాయంత్రం రండి’ అని అడగగలిగి, అడిగినదానికి జవాబు చెప్పగలిగితే ఇంటర్మీడియట్. తిరుపతి ప్రయాణంలో రైలు తప్పిపోతే ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు, చివరికి ఎలా చేరుకున్నారు అన్నది వరుస చెడకుండా, జరిగినదీ జరగబోయేదీ కలగాపులగం కాకుండా, పేరాలుగా చెప్పగలిగితే అడ్వాన్స్‌డ్. ప్రాథమిక విద్య మాతృభాషలోనే ఉండాలా అన్న చర్చలో పాల్గొని, ఒక పక్షాన్ని సమర్థించి, ‘అలా జరగకపోయి ఉంటే ఇలా అయ్యేది’ అనే ఊహాత్మకమైన వాదాన్ని సైతం నిలబెట్టగలవారిని సుపీరియర్ అంటారు. ‘హై’ అనే మెట్టును చాలామంది అపార్థం చేసుకుంటారు. ఇంటర్మీడియట్ హై అంటే ఇంటర్మీడియట్‌లో బాగా చేసినవాడని కాదు. పై స్థాయి పనిని ఎక్కువసేపు చేయగలిగి కూడా చివరిదాకా నిలుపుకోలేకపోతున్నవాడని అర్థం.

ఇక మీ అబ్బాయి పద్యాల సంగతి. అవి వాడికి వచ్చినందుకు నాకు మనస్ఫూర్తిగా సంతోషంగా ఉంది, వాటిని మాన్పించకండి. అయితే కంఠస్థం చేసినది ఎంత ఉన్నా, ఈ కొలతలో అది మాట్లాడే సామర్థ్యానికి రుజువు కాదు. ఆక్ట్‌ఫుల్ మౌఖిక పరీక్ష సుమారు 15 నుంచి 30 నిమిషాల సంభాషణగా సాగుతుంది. పరీక్షకుడు మామూలు కబుర్లతో మొదలుపెట్టి, విద్యార్థి తడబడకుండా ఎక్కడిదాకా మాట్లాడగలడో చూసి, ఆ తరువాత కావాలనే మరింత కష్టమైన ప్రశ్నలు వేసి ఎక్కడ మాట ఆగిపోతుందో గమనిస్తాడు. మధ్యలో ఒక సన్నివేశం ఇచ్చి నటించమంటాడు. ఆ సంభాషణను రికార్డు చేసి, రెండవ వ్యక్తి చేత కూడా స్థాయి నిర్ణయింపజేస్తారు. ముందుగా సిద్ధం చేసుకున్న ఉపన్యాసానికి అక్కడ చోటు లేదు.

ద్విభాషా ముద్ర అనేది మీ రాష్ట్రంలోనే మొదలైంది. 2011లో చట్టం చేసి 2012 నుంచి అమలు చేశారు. తరువాత ఇతర రాష్ట్రాలు అనుసరించాయి. కనీస స్థాయి ఇంటర్మీడియట్ మిడ్ ఉండాలని ఆక్ట్‌ఫుల్‌తో పాటు మరికొన్ని సంఘాలు కలిసి 2015లో సూచించాయి కానీ, నిబంధనలు రాష్ట్రానికొక రకంగా ఉన్నాయి. తెలుగుకు ఏ పరీక్షను అంగీకరిస్తారో మీ స్కూల్ డిస్ట్రిక్ట్ కార్యాలయాన్ని ఇప్పుడే లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

మరొక సంగతి కూడా చెప్పాలి. విదేశాంగ శాఖ లెక్క ప్రకారం, ఇంగ్లీషు మాట్లాడేవారు వృత్తిపరమైన పనికి సరిపడా తెలుగు నేర్చుకోవడానికి సుమారు 44 వారాలు, 1,100 తరగతి గంటలు పడతాయి. స్పానిష్ వంటి భాషలకు దాదాపు 600 నుంచి 750 గంటలు చాలు. వారానికి రెండు గంటల చొప్పున ఏడాదికి 35 వారాలు నడిచే తెలుగు బడిలో పిల్లవాడికి దక్కేది 70 గంటలే. మిగిలిన గంటలు మీ వంటింట్లోనూ, కారులోనూ, అమ్మమ్మతో ఫోనులోనూ రావాలి. వాడు మీ ఇంటి యాసలో, అది నిజామాబాదుదైనా కడపదైనా, మాట్లాడుతుంటే దానిని పుస్తక భాషలోకి దిద్దవద్దు. మాట ఆగకుండా సాగడమే ఈ దశలో కావలసినది.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు పాఠశాలలో జర్మన్ చెబుతాను. మన దేశంలో ఇటువంటి సంఘాలు ఉన్నాయా? మేము ఏ1, బి1 అని యూరపు స్థాయిలు వాడతాము కదా, ఆక్ట్‌ఫుల్ స్థాయిలు మాకెందుకు?
— ఒక ఉపాధ్యాయిని, హైదరాబాదు

మీకు ఆక్ట్‌ఫుల్ స్థాయిలు అవసరం లేదు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన ఏ1 నుంచి సి2 దాకా ఉండే స్థాయిలే మీ పాఠ్యపుస్తకాలకూ గోథే సంస్థ జర్మన్ పరీక్షలకూ ఆధారం. మీ విద్యార్థి అమెరికా వెళ్లి అక్కడి స్థాయి అడిగినప్పుడు మాత్రం, రెండింటినీ పక్కపక్కన పెట్టి నేరుగా సమానం చేయవద్దని చెప్పండి. మాట్లాడటానికి కుదిరే పోలిక చదవడానికి కుదరదు.

సంఘాలు మన దేశంలోనూ ఉన్నాయి. ఫ్రెంచి ఉపాధ్యాయుల భారతీయ సంఘం 1953లోనే ఏర్పడింది. ఇంగ్లీషు ఉపాధ్యాయుల సంఘం ఎల్టాయ్ 1974 నుంచి చెన్నై కేంద్రంగా పనిచేస్తోంది. మీకు సంబంధించినది ఇన్‌డాఫ్ అనే భారత జర్మన్ ఉపాధ్యాయుల సంఘం. అంతర్జాతీయంగా జర్మన్ ఉపాధ్యాయుల సంఘాలన్నిటికీ 1968లో ఏర్పడిన ఐడీవీ అనే సమాఖ్య ఉంది. సాధారణంగా నాలుగేళ్లకొకసారి జరిగే దాని మహాసభ 2022లో వియన్నాలోనూ, 2025లో జర్మనీలోని ల్యూబెక్‌లోనూ జరిగింది. అన్ని భాషల సంఘాలకూ కలిపి 1931లోనే పారిస్‌లో ఒక ప్రపంచ సమాఖ్య పుట్టిందంటే, ఈ ఆలోచన ఎంత పాతదో చూడండి.

సంఘం ఎందుకు కావాలో మీ భాష చరిత్రే చెబుతుంది. 2014 అక్టోబరులో, విద్యా సంవత్సరం మధ్యలో, కేంద్రీయ విద్యాలయాలలో మూడవ భాషగా ఉన్న జర్మన్‌ను తొలగించి సంస్కృతాన్ని పెట్టాలని నిర్ణయించారు. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్న చర్చ వేరు. తమ ఉద్యోగం, తమ పిల్లల పరీక్షలు ఏమవుతాయో తెలియని ఉపాధ్యాయులు ఒక్కొక్కరుగా అడిగితే వినేవారు ఉండరు. 2020 జాతీయ విద్యా విధానం మాధ్యమిక స్థాయిలో జర్మన్, ఫ్రెంచి, జపనీస్, కొరియన్ వంటి భాషలను పేర్కొంటూనే, మూడు భాషలలో కనీసం రెండు భారతీయ భాషలై ఉండాలని కూడా చెప్పింది. పాఠశాలల వేళల పట్టికలో ఈ రెండు మాటలూ ఎలా ఇముడుతాయన్నది ఇంకా తేలవలసి ఉంది. అది తేలే గదిలో భాష చెప్పేవారి ప్రతినిధి ఒకరైనా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. మీరు చేరండి, మీ పాఠశాలలోని ఫ్రెంచి ఉపాధ్యాయులను కూడా వారి సంఘంలో చేరమనండి.

ప్రశ్న: హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో స్పానిష్ ఎం.ఏ. చేశాను. ఆక్ట్‌ఫుల్ సభ్యత్వం ఉంటే అమెరికాలో ఉపాధ్యాయ ఉద్యోగం, వీసా సులభమవుతాయా?
— ఒక విద్యార్థి, విజయవాడ

కావు. సభ్యత్వం అర్హత పత్రం కాదు, రుసుము కట్టిన ఎవరికైనా వస్తుంది. ప్రభుత్వ పాఠశాలలో చెప్పాలంటే ఆ రాష్ట్రం ఇచ్చే బోధనా లైసెన్సు కావాలి. ఉపాధ్యాయ శిక్షణ కోర్సులకు ఆక్ట్‌ఫుల్ నిర్దేశించిన ప్రమాణం ప్రకారం స్పానిష్, ఫ్రెంచి వంటి భాషలు చెప్పేవారికి మాట్లాడటంలో అడ్వాన్స్‌డ్ లో స్థాయి, అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్ చెప్పేవారికి ఇంటర్మీడియట్ హై స్థాయి ఉండాలి. సభ్యత్వానికి ఖర్చు పెట్టదలచుకున్న డబ్బును ముందు మౌఖిక పరీక్షకు పెట్టి, మీ స్థాయి ఏమిటో తెలుసుకోండి. వీసా ఇప్పిస్తామని సంఘాల పేరు వాడుకునే ఏజెంట్లు కనబడితే దూరంగా ఉండండి.

ప్రశ్న: తరగతిలో 90 శాతం సమయం నేర్పే భాషలోనే మాట్లాడాలని ఆ సంఘం అంటుందట. డిగ్రీలో మొదటిసారి ఫ్రెంచి చూసే మా పిల్లల దగ్గర ఇది సాధ్యమా? ఇంగ్లీషులో వివరిస్తేనే అర్థం కావడం లేదు.
— ఒక అధ్యాపకుడు, విశాఖపట్నం

2010లో వెలువరించిన ఆ ప్రకటన మాట నిజమే. ఉపాధ్యాయులూ విద్యార్థులూ కూడా తరగతిలో 90 శాతం లేదా అంతకన్నా ఎక్కువగా నేర్చుకునే భాషనే వాడాలని అందులో ఉంది. అయితే, అర్థమయ్యేలా మాట్లాడటానికి సైగలు, బొమ్మలు, వస్తువులు, తెలిసిన మాటలను మళ్లీ మళ్లీ వాడటం వంటి ఆసరాలన్నీ ఉపయోగించాలని కూడా అందులోనే ఉంది. మొదటి భాగాన్ని మాత్రమే అమలు చేస్తే తరగతి మూగబోతుంది. మీ పిల్లలకు వారానికి దొరికే గంటలు తక్కువ. ఆ గంటలలోనైనా వారి చెవిన ఫ్రెంచి పడకపోతే, బయట ఎక్కడా పడదు. కనుక ఆ లక్ష్యాన్ని వదులుకోవద్దు. మొదటి నెలలోనే అందుకోవాలన్న తొందరా వద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది చివరి వాక్యం. మిగిలిన పది శాతంలో ఇంగ్లీషే ఎందుకు ఉండాలి? 1996లో ఆక్ట్‌ఫుల్, ఇతర భాషల సంఘాలు కలిసి ప్రకటించిన జాతీయ ప్రమాణాలలో ఐదు లక్ష్యాలు ఉన్నాయి: భావ వినిమయం, సంస్కృతులు, ఇతర విషయాలతో అనుసంధానం, పోలికలు, సమాజాలు. నాలుగవదైన పోలిక అంటే, విద్యార్థి తన సొంత భాషతో కొత్త భాషను పోల్చుకోవడం. మీ విద్యార్థుల సొంత భాష తెలుగు. ఫ్రెంచిలో ఎదుటివారిని పిలిచే రెండు రకాల తీరును ఇంగ్లీషులో వివరించబోతే గంట పడుతుంది. ‘నువ్వు’, ‘మీరు’ అంటే నిమిషంలో తెలుస్తుంది, పైగా ఎవరిని ఎలా పిలిస్తే నొచ్చుకుంటారో మన పిల్లలకు ఇంట్లోనే తెలుసు. క్రియ చివరనే ‘వచ్చాను, వచ్చావు, వచ్చారు’ అని కర్తను చెప్పే భాష నుంచి వచ్చినవారికి, కర్తను బట్టి మారే ఫ్రెంచి క్రియలు వింత కావు. తేడాలు కూడా ఆసక్తికరమైనవే. ‘మేము’, ‘మనం’ అని తెలుగు విడదీసే చోట ఫ్రెంచిలో ఒకే సర్వనామం ఉంటుంది. తెలుగులో స్త్రీకీ వస్తువుకూ ‘వచ్చింది’ అని ఒకే రూపం వాడి, బహువచనానికి వచ్చేసరికి స్త్రీలను పురుషులతో చేర్చి ‘వచ్చారు’ అంటాము. బల్లకు కూడా లింగం ఉండే ఫ్రెంచి పద్ధతి విచిత్రంగా తోచిన విద్యార్థికి ఈ సంగతి చూపించండి, తన భాషకూ తనదైన లెక్క ఉందని గ్రహిస్తాడు. వ్యాకరణంలో చిక్కుబడ్డ చోట రెండు నిమిషాలు తెలుగులో చెప్పి, వెంటనే ఫ్రెంచిలోకి తిరిగి వెళ్లడం నాకు సమంజసంగా తోస్తుంది.

ప్రశ్న: విదేశాలలో తెలుగు చెప్పేవారమంతా కలిసి మన సంఘం మనమే పెట్టుకుంటే సరిపోదా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

పెట్టుకోవాలి, కానీ అది ఆక్ట్‌ఫుల్ వంటి పెద్ద సంఘంలో చేరడానికి బదులు కాకూడదు. అక్కడ ఇతర భాషలవారు నడచిన దారి చూడండి. పైన చెప్పిన 1996 ప్రమాణాలు మొదట అన్ని భాషలకూ ఉమ్మడిగా వెలువడ్డాయి. 1999 ముద్రణలో స్పానిష్, ఫ్రెంచి, జర్మన్‌లతో పాటు చైనీస్, జపనీస్, రష్యన్ వంటి భాషలకు విడివిడి అధ్యాయాలు చేరాయి. ఆ తరువాత అరబిక్ వచ్చింది. ఆయా భాషల ఉపాధ్యాయుల సంఘాలు కూర్చుని, తమ భాషకు తగిన ఉదాహరణలతో రాసుకోబట్టే ఆ అధ్యాయాలు వచ్చాయి. పైనుంచి ఎవరూ రాసి ఇవ్వలేదు.

తెలుగుకు అందుకు కావలసిన మనుషులు లేకపోలేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధనకు దశాబ్దాల చరిత్ర ఉంది. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి వేలాది పిల్లలకు చదువు చెబుతోంది, హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయంతో కలిసి పరీక్షలు కూడా నిర్వహించింది. తెలుగు సంఘాల బడులు ఇంకా ఎన్నో ఉన్నాయి. వీరి మధ్య ఉమ్మడి కొలత మాత్రం లేదు. ఒక బడిలో మూడవ తరగతి పూర్తి చేసిన పిల్ల మరో రాష్ట్రానికి వెళితే ఆమెను ఏ తరగతిలో చేర్చాలో ఎవరూ చెప్పలేరు.

అందుచేత మీ సంఘం మొదటి ఏడాదిలో వార్షికోత్సవానికీ సన్మానాలకూ పూనుకోకుండా, ఈ ఒక్క పని చేయాలని నా సలహా. నాలుగైదు బడుల నుంచి, తల్లిదండ్రుల అనుమతితో, వేర్వేరు వయసుల పిల్లలు తెలుగులో మాట్లాడిన చిన్న రికార్డింగులను పేర్లు లేకుండా సేకరించండి. ఒక్కొక్కదానిని ఇద్దరు ఉపాధ్యాయులు విడివిడిగా విని, ఆక్ట్‌ఫుల్ వివరణలను ముందు పెట్టుకుని స్థాయి నిర్ణయించాలి. ఇద్దరికీ పొసగని చోట కూర్చుని ఎందుకు పొసగలేదో చర్చించి రాసుకోవాలి. శ్రీకాకుళం మాటకూ మహబూబ్‌నగర్ మాటకూ ఒకే న్యాయం జరిగిందా అన్నది అప్పుడే బయటపడుతుంది. వినడానికీ మాట్లాడటానికీ ఎంత తేడా ఉందో, లిపి వచ్చినంత మాత్రాన చదివినది అర్థమవుతోందా లేదా అన్నదీ తెలుస్తుంది. ఆ నమూనాలూ, ఆ చర్చల రాతప్రతులూ చేతిలో ఉంటే, తెలుగుకూ ఒక అధ్యాయం కావాలని ఆక్ట్‌ఫుల్‌ను అడగడానికి వెళ్లవచ్చు.